కామెర్లకు కాలి బొటనవేలు

నా ఎడం కంట్లో తెల్లటి పువ్వొకటుంది. చిన్నప్పుడు నల్లగుడ్డు మీద పూసింది, నాతోపాటే పెరిగింది, నాతోపాటే ముదిరింది. చూపు మాత్రం లేదు. "అదెట్టా పోయింది బుల్లిబాబూ?" అని ఎవరన్నా అడిగితే నాకు మహా సంతోషం. అడిగినవాడి మొహం చూసి, వాడికి తగ్గ కథ చెప్తాను.

లారీవాళ్ళకి చెప్పేది ఇది. గరికపాడు దగ్గర నాకొక లారీ ఎదురొచ్చింది. దాని దీపం నా కంటి మీద పడింది, నా చూపు దాని దీపం మీద పడింది. ఇద్దరం తగ్గలేదు. ఆఖరికి చెరొకటి పోయింది. ఆ లారీ ఇప్పటికీ హైదరాబాదు రోడ్డు మీద ఒంటిదీపంతోనే తిరుగుతోంది, కావాలంటే చూసుకోండి. రైతులకైతే మా చేలో కాసిన మిరపకాయ కథ. దాన్ని కొరకలేదు, నలపలేదు, ఊరికే తేరిపార చూశాను. అదీ నన్ను చూసింది. అంతే.

అసలు సంగతి వేరు. చిన్నప్పుడు నాకు కామెర్లొచ్చాయి. మా నాయనమ్మ చేతిలో పసరు వైద్యం ఉండేది. రెండు కళ్ళలోనూ పోసింది. కామెర్లు తగ్గాయి. ఎడం కన్ను పువ్వేసింది. తగ్గింది పసరు వల్ల, పోయింది దిష్టి వల్ల అన్నారు మా వాళ్ళు. మా ఇంట్లో తగువు తీర్చే పద్ధతి ఎప్పుడూ అంతే.

నాయనమ్మ పోయాక ఆ విద్య ఆవిడ కూతురికి వచ్చింది. అంటే వత్సవాయిలో ఉండే మా మేనత్త బసవమ్మకి. బసవమ్మ కూతురు పుష్పవతి నా పెళ్ళాం. కాబట్టి పసరు మాకు వైద్యం కాదు, ఇంటి పరువు. దాని వల్ల కన్ను పోయిందని నేను నోరు జారితే నాకు అన్నం పెట్టే దిక్కుండదు. అందుకే లారీ, మిరపకాయ.

ఇట్లా ఉండగా, ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, డాక్టరు కామేశం గారు మా ఊరొచ్చారు.

హైదరాబాదులో పెద్ద చదువు చదివి, నందిగామలో గది తీసుకుని, అక్కణ్ణించి జగ్గయ్యపేట దాకా ఊరూరా తిరిగి రోగాల మీద పరిశోధన చేసే మనిషి. వైద్యం చేయడు, రోగం ఎందుకొచ్చిందో కనుక్కుంటాడు. కొత్తగా వచ్చిన మనిషి, మా సంగతి తెలీదు. జీపు దిగీ దిగగానే, "మగవాళ్ళంతా చొక్కాలు విప్పి పడుకోవాలి. పొట్ట నొక్కి చూస్తాను" అన్నారు. ఇంకేముంది! ఎమర్జెన్సీలో ఇలాంటి జీపే వచ్చి మగవాళ్ళని ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా కోసి పంపింది. ఊరు ఊరంతా పత్తిచేలల్లో పడి పరిగెత్తింది. నేనొక్కణ్ణే పరిగెత్తలేదు. ధైర్యం ఉండి కాదు. జీపు ఎడం పక్క నుంచి వచ్చింది, నాకు కనపడలేదు.

"భలే మనిషివయ్యా. నీలాంటి వాడే నాకు కావాలి" అని డాక్టరు గారు నన్ను పనిలో పెట్టుకున్నారు. ముందు నేను ఊళ్ళోకి వెళ్ళి కోతకి రాలేదని చెప్పాలి. తర్వాత ఆయనొచ్చి కుడి డొక్క కింద నొక్కి లివరు చూస్తారు, రెప్ప కిందికి లాగి టార్చిలైటు వేసి కన్ను చూస్తారు. మేకకుంటే కార్జం, మనిషికుంటే లివరు అని నేను అందరికీ విడమరిచి చెప్పేవాణ్ణి.

నా కన్ను చూసి ఆయనా అడిగారు. మొదటిరోజు లారీ కథ చెప్పాను. రెండోసారి అడిగితే మిరపకాయ. మూడోసారి వేదాద్రి కొండ మీద చిరుతపులి. ఆయన కడుపుబ్బ నవ్వి, ఇక అడగటం మానేశారు.

తిరగ్గా తిరగ్గా ఆయనకో వింత తేలింది. మా వైపు లివరు రోగం ఉన్న ఇంట్లోనే కంటి రోగమూ ఉంది. కామెర్లు వచ్చి తగ్గిన మనిషికి నెల తిరక్కుండా కంట్లో పువ్వు. కొందరికి ఒక కన్ను, కొందరికి రెండూ. ఎందుకని? ప్రతివాణ్ణీ అడిగేవారు.

"కామెర్లకి ఏం మందు వాడావయ్యా?"

"ఏ మందూ వాడలేదండీ."

అది అబద్ధం కాదు. మందంటే సీసాలో ఉండేది, డాక్టరిచ్చేది. పసరు మందెట్లా అవుతుంది? పైగా దానికో కట్టుబాటుంది. పసరు పోయించుకున్న సంగతి బయటికి చెప్తే పని చెయ్యదు. తెల్లారకుండా పరగడుపున బయల్దేరాలి, దారిలో ఎవరు పలకరించినా పలక్కూడదు, తగ్గినా ఆ ఊసు ఎత్తకూడదు. మా అత్త గుమ్మం ముందు బారులు తీరి కూర్చున్న జనమంతా మూగవాళ్ళ పెళ్ళికొచ్చినట్టు ఉండేవాళ్ళు. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

పాపం డాక్టరు గారికి ఒకటే దారి మిగిలింది. ఒకరోజు మున్నేటి గట్టు మీద జీపాపించి, నీళ్ళకేసి చూస్తూ అన్నారు.

"తెలిసిపోయింది బుల్లిబాబూ. లివరులో పుట్టిన విషం కంటికెక్కుతోంది. ఇది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొత్త రోగం. దీనికి మీ మున్నేరు పేరే పెడతాను."

ఈ మాట ఊళ్ళో చెప్తే జనం పొంగిపోయారు. మా సర్పంచి వీరరాఘవయ్య గారైతే మీసం దువ్వారు. "పేటకి మిరపకాయల పేరుంది, నందిగామకి తాలూకా పేరుంది. ఇన్నాళ్ళకి మనకీ ఓ రోగం పేరొచ్చిందిరా!"

ఆ వానాకాలం పుష్పవతి నాకు అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"బావా, నీ కన్ను పచ్చగా ఉందేంది?"

"ఏ కన్ను?"

"ఉన్నదే."

కామెర్లంటే భయం లేదు నాకు. వచ్చినవి పోతాయి. కానీ కామెర్లొస్తే మా అత్త వస్తుంది. అత్త వస్తే పసరొస్తుంది. ఉన్నది ఒక్క కన్ను. అదీ పూస్తే ఇక నేను కథలు ఎవరి మొహం చూసి చెప్పాలి?

డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెప్ప లాగి చూసి, గదిలో ఎగిరి గంతేసినంత పని చేశారు.

"పచ్చబడిందా! బుల్లిబాబూ, ఎంత అదృష్టవంతుణ్ణి నేను! మొదటిరోజు నుంచీ చూడటం ఇంతవరకూ కుదర్లేదు. ఇక రోజూ నీ కన్ను చూస్తాను. పువ్వు ఎట్లా పూస్తుందో నా కళ్ళారా చూస్తాను."

చెడ్డవాడు కాదండీ ఆయన. వాన కోసం చూసే రైతు పక్కింటి గోడ సంగతి ఆలోచించడు, అంతే.

"మందేదన్నా ఇవ్వండి" అన్నాను.

"దీనికి మందు లేదు. పడుకో. చెరకు రసం తాగు. నూనె మానెయ్. దానంతటదే తగ్గుతుంది."

"మరి కన్ను?"

"దాని సంగతే కదా మనం చూడాల్సింది!"

ఇక లాభం లేదనుకున్నాను. పరువు పోతే పోయిందని, గది తలుపు మూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ నిజం చెప్పాను. నాయనమ్మ, పసరు, రెండు కళ్ళు, పువ్వు, వత్సవాయిలో మా అత్త, మూగనోముతో వెళ్ళే జనం, అంతా. డాక్టరు గారు మొదట శ్రద్ధగా విన్నారు. తర్వాత మొహం ఎర్రబడింది. తర్వాత కుర్చీలోంచి పడబోయేంత నవ్వారు.

"లారీ, మిరపకాయ, చిరుతపులి! ఇప్పుడు ఆకుపసరా! ఇన్ని ఊళ్ళవాళ్ళని అడిగానయ్యా, ఒక్కడూ అనలేదు. వాళ్ళంతా అబద్ధమాడి, నువ్వొక్కడివీ నిజం చెప్తున్నావా?" కళ్ళు తుడుచుకున్నారు. "నీ కథలన్నిట్లో ఇదొక్కటే బాగాలేదు. చిరుతే నయం."

ఇంటికొచ్చేసరికి మా అత్త పంచలో కూర్చునుంది. పుష్పవతి కబురు పెట్టినట్టుంది, వత్సవాయి నుంచి దొరికిన మొదటి బస్సుకే దిగింది. తెల్లబట్టలో ఆకు మూటకట్టి, రోట్లో నూరి సిద్ధంగా పెట్టింది. వీధిలో ఆడవాళ్ళంతా గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళకి పోసేటప్పుడు దాపరికం అక్కర్లేదని మా అత్త లెక్క.

"రారా బుల్లీ. ఒళ్ళో తల పెట్టు. కన్ను తెరువు."

"అత్తా, పడుకుంటే తగ్గిద్దంట. డాక్టరు చెప్పాడు."

"పడుకుంటే తగ్గేదానికి డాక్టరు చదువెందుకంట? మీ మామా అదే చెప్పేవాడు, పొలం పోవయ్యా అన్నప్పుడల్లా."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"ఉన్నది ఒక్క కన్నే అత్తా."

"ఒకటేగా. పసరు సగం చాలు. తొందరగా అయిద్ది."

పుష్పవతి నా భుజాలు పట్టుకుని, "పడుకో బావా, చిన్నపిల్లాడిలా ఏందిది" అంటూ ఒళ్ళోకి వంచింది. అత్తగారు. అందులోనూ మేనత్త. అందులోనూ వీధి వీధంతా చూస్తుండగా. ఏ అల్లుడు కాదంటాడండీ? మా అత్త బట్టమూట నా కంటి మీదికి తెచ్చి పిండింది. ఆకుపచ్చ చుక్కొకటి ఊరి, లావై, కొసన వేలాడుతోంది. దాని వెనక సూర్యుడు కనపడుతున్నాడు. లోకంలో నేను చూసే ఆఖరి వస్తువు అదేనేమో అనిపించింది.

"మైలవరం వెంకాయమ్మ ఇట్టా పొయ్యదంటగా!" అన్నాను.

చెయ్యి ఆగింది.

"ఎవత్తెరా అది?"

అదెవరో నాకూ తెలీదు. అప్పుడే పుట్టింది. కానీ నోరు ఊరుకోదు కదా.

"నీకు తెలీదా? మైలవరం సంతలో అందరూ ఆవిడ పేరే చెప్పుకుంటున్నారు. కామెర్లకి కంట్లో పొయ్యదంట. కాలి బొటనవేలి గోరు మీద పోస్తదంట. కిందనుంచి పైకి పట్టు పట్టిద్దంట. మా నాయనమ్మ దగ్గరే నేర్చుకుందంట."

"మా అమ్మ దగ్గరా?"

"ఆఁ. అసలు గుట్టు ఆవిడకే చెప్పిందంట. నీకు పైపైన చెప్పిందంట. కూతురు కదా, పరాయి ఇంటికి పోయే పిల్ల కదా అనుకుందంట నాయనమ్మ."

పక్కింటి ముసలమ్మ మెల్లిగా, "నిజవేనా బసవమ్మా?" అంది.

మా అత్త మొహం నా కన్నుకంటే పచ్చబడింది. "ఏం? ఊళ్ళోవాళ్ళకి చెప్పి, మా అమ్మ కడుపున పుట్టినదానికి చెప్పదా? నాకూ చెప్పింది. దానికంటే ముందే నాకు చెప్పింది."

"మరెప్పుడూ వెయ్యలేదేంది అమ్మా?" అంది పుష్పవతి. అమాయకురాలు.

"ప్రతి అడ్డమైనవాడికీ వేస్తారంటే? అది ఇంటోళ్ళకి." మా అత్త మూట వెనక్కి తీసి, నాకేసి గుచ్చి చూసింది. "ఏ కాలికి వేస్తదంట ఆ మహాతల్లి?"

"ఎడం కాలికంట."

ఆవిడ మొహం వెలిగిపోయింది. వీధి ఆడవాళ్ళందరికేసీ తిరిగింది. "విన్నారా? అదీ దాని చదువు! మగోళ్ళకి కుడి, ఆడోళ్ళకి ఎడమ. నేర్చుకుందంట, నేర్చుకోవటం! చాపరా కాలు."

అబద్ధం నా నోట్లోంచి ఊడిపడి ఇంకా చల్లారలేదు. అప్పటికే మా అత్తకి అది నాకంటే బాగా తెలుసు. చుక్క నా కుడికాలి బొటనవేలి మీద పడింది. చల్లగా, హాయిగా ఉంది.

ఆ రోజు నుంచీ డాక్టరు గారు పొద్దున్నే టార్చిలైటుతో వచ్చేవారు.

"చూపేమన్నా మసకబారిందా?"

"లేదండీ. మీ మీసంలో తెల్లవెంట్రుక కనిపిస్తోంది."

ఆయన నిట్టూర్చేవారు. ఒకరోజు ఆకుపచ్చగా ఉన్న నా బొటనవేలు చూసి ఇదేంటన్నారు. మా అత్త పసరు పోసిందన్నాను. ఆయన చప్పట్లు కొట్టారు. "దొరికావు! కంట్లో పోస్తారన్నావు. ఇదిగో, వేలికి పోస్తున్నారు. నీ అబద్ధానికి నీ కాలే సాక్ష్యం!"

నేను వేలు దుప్పట్లోకి లాక్కున్నాను.

చెరకు రసం తాగుతూ పడుకున్నాను, కామెర్లు పోయాయి. కన్ను పూయలేదు. బొటనవేలి వైద్యం పేరు మాత్రం ఆ రోజు చూసిన ఆడవాళ్ళ నోట పేట దాటి, నందిగామ దాటి పాకిపోయింది. ఎవరు చూసినా వేలికే వెయ్యమనేవాళ్ళు. కంట్లో మంట ఉండదు కదా. నేను పుట్టించిన వెంకాయమ్మ దగ్గర కూడా పసరు వేయించుకొచ్చామని చెప్పేవాళ్ళు తేలారు. మనిషి పొట్టిగా, ఎర్రగా ఉంటుందట, కాస్త ముక్కోపమట. వింటుంటే నాకే ఓసారి వెళ్ళి చూసొద్దామనిపించింది.

ఇక డాక్టరు గారి బాధ చూడలేం. కామెర్లు ఎప్పట్లాగే వస్తున్నాయి, పోతున్నాయి. పువ్వులు మాత్రం ఆగిపోయాయి. ఊరూరా టార్చిలైటు వేసి చూసి, ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చునేవారు. "రోగం చచ్చిపోతోంది బుల్లిబాబూ. పేరు పెట్టకుండానే పోతోంది." హైదరాబాదు నుంచి పైవాళ్ళు తిరిగి వచ్చెయ్యమన్నారు. వెళ్ళేరోజు వీరరాఘవయ్య గారు దండ వేసి, "మా ఊరికి రాసిపెట్టి లేదండీ. ఉన్న ఒక్క రోగమూ నిలబడలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

మరుసటేడు వానలు పడ్డాక, పేట బస్సులోంచి నల్ల చలువ కళ్ళద్దాలు పెట్టుకుని ఒకాయన దిగాడు. మబ్బుపట్టిన రోజున చలువద్దాలేంటా అని దగ్గరికి వెళ్తే, కామేశం గారు! నన్ను గోడ చాటుకి లాక్కెళ్ళి అద్దాలు తీశారు. రెండు కళ్ళూ పసుపుకొమ్ముల్లా ఉన్నాయి.

"పడుకుంటే తగ్గిద్దిగా అండీ" అన్నాను.

"కామెర్ల సంగతి నాకు తెలుసయ్యా. కళ్ళ సంగతే!" చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నేనే కదా కనుక్కుంది, కామెర్లు తగ్గాక కన్ను పూస్తుందని. బొటనవేలు ఆకుపచ్చగా ఉన్నవాళ్ళకి పూయలేదు. అదీ నేనే చూశాను. నా పరిశోధన నేనే నమ్మకపోతే ఎట్లా? మీ అత్తగారి దగ్గరికి తీసుకుపో."

మళ్ళీ నిజం చెబుదామని నోరు తెరిచాను. చిరుతే నయమన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాను. వేలికేగా, పోయేదేముంది?

వత్సవాయిలో మా అత్త ఆయన్ని చూసి ఉబ్బితబ్బిబ్బయింది. అంత పెద్ద డాక్టరు తన గుమ్మం తొక్కాడని కొత్త చాప వేయించింది. ఆయన పాంటు మడిచి, మేజోడు విప్పి, కుడికాలు బుద్ధిగా ముందుకి చాపారు. ఆవిడ ఆకు పిండుతూ అంది.

"నీకు అందరికీ వేసినట్టు వెయ్యను బాబూ. పెద్దమనిషివి. వేలికీ వేస్తా, మా అమ్మ పాత పద్ధతిలో కంట్లోనూ పోస్తా. రెండు రకాలుగా పట్టిద్ది. తల ఇటు పెట్టు."

డాక్టరు గారి కాలు అక్కడే ఆగింది. "కంట్లోనా?"

"ఆఁ. మొన్నమొన్నటిదాకా అందరికీ కంట్లోనే పోసేదాన్ని."

"అందరికీ అంటే?"

"ఈ చుట్టుపక్కల కామెర్లొచ్చిన అందరికీను. అదిగో, మా బుల్లిగాడికి చిన్నప్పుడు పోసింది మా అమ్మే. తగ్గలా?"

ఆయన అద్దాలు ముక్కు మీదికి జార్చి, మెల్లిగా తల తిప్పి నా ఎడం కంటికేసి చూశారు. పచ్చటి కళ్ళు అంత పెద్దవవటం నేనెప్పుడూ చూడలేదు.

"మరి... నేను ఊరూరా అడిగానే అమ్మా. ఒక్కరూ చెప్పలేదే!"

"మందేం వాడారని అడిగావంటగా. పసరు మందెట్టా అయిద్ది?" మా అత్త బట్టమూట పట్టుకుని ముందుకి వంగింది. "అయినా బయటికి చెప్తే తగ్గిద్దా? అద్దాలు తియ్యి బాబూ."

డాక్టరు గారు రెండు చేతులతో అద్దాలు అదిమిపట్టుకుని గోడదాకా జరిగిపోయారు. "వద్దమ్మా! వేలు చాలు. వేలికే వెయ్యండి. అంత పెద్ద వైద్యానికి నేను తగను."

"అట్టా అంటావేందయ్యా, మొహమాటపడకు."

"అత్తా," అన్నాను నేను, "రెండూ కలిపి వేస్తే వేడి చేసిద్దని మైలవరం వెంకాయమ్మ..."

"దాని పేరు నా ముందెత్తకు!" అని కసిరి, ఆవిడ ఆ విసురులో పసరంతా ఆయన బొటనవేలి మీదే పిండేసింది.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. డాక్టరు గారు మేజోడు లేకుండా, వేలికి తడి ఆరనియ్యకుండా, కాలు కొంచెం ఎత్తి పెట్టుకుని ఉన్నారు.

"అసలు సంగతి దొరికిందిగా అండీ," అన్నాను. "ఇక ఇంటికెళ్ళగానే రాసేస్తారుగా? మా రోగం రోగం కాదని, పసరని?"

బస్సొచ్చింది. మెట్టెక్కి, వెనక ముందు చూసుకుని, నా చెవి దగ్గరికి వంగారు.

"రాస్తాలే. ముందు తగ్గనీ. తగ్గేదాకా బయటికి చెప్పకూడదంటగా?"

నాకు నవ్వాగలేదు. ఆయనకేసి చూసి కన్ను కొడదామనుకున్నాను. కానీ ఉన్నది ఒక్కటే. అది మూశానంటే, అంత చదువుకున్న మనిషి ఆకుపచ్చ బొటనవేలు ఎత్తిపట్టుకుని బస్సెక్కటం చూడలేను కదా. అందుకని తెరిచే ఉంచాను.